కొంగ బొమ్మ కింద పిండి రాలుతోంది

ప్రశ్న: నల్లతుమ్మ మొద్దు ఒళ్లుగా, వంకర కొమ్మ మెడగా, పాత నాగలి కర్రు ముక్కుగా పెట్టి కొంగను చేశాను. చెట్టు కొట్టిన నెలకే చెక్కాను. ఏడాది తిరక్కముందే కింద పిండి రాలుతోంది. మేకు దగ్గర మెడ చీలింది, కర్రు చుట్టూ నల్ల మరక పడింది. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తప్పకుండా బాగవుతుంది. ముందు పిండి సంగతి చూడండి. వేళ్ల మధ్య పౌడరులా జారుతూ, పక్కన గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలుంటే అది పుచ్చు పురుగు. చెదలైతే మట్టి కడతాయి. ఈ పురుగు తినేది ముఖ్యంగా బెరడు కింది తెల్ల చెక్కనే, ఎర్రటి చేవ జోలికి అంతగా పోదు. అందుకే తెల్ల చెక్కను వీలైనంత చెక్కేయండి. లీటరు వేడినీళ్లలో 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ పౌడరు కరిగించి మూడు రోజులు, రోజుకు రెండుసార్లు పూయండి. పైపూత లోపలి దాకా దిగదు కాబట్టి రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. 2018లో పాలమూరు పిల్లలమర్రికి కూడా చెదల మందును సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా లోపలికే ఎక్కించారు.

ఈ మందు వానకు కొట్టుకుపోతుంది. బాగా ఆరాక పెయింట్ షాపులో అమ్మే లిన్‌సీడ్ ఆయిల్ రెండు పూతలు వేయండి. నూనె గుడ్డను మాత్రం ముద్దగా పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, విడిగా పరిచి ఆరేయండి.

చీలికకు కారణం పచ్చి కర్ర. ఆరేకొద్దీ అది అడ్డంగా కుంచించుకుపోతుంది, ఇనుము కుంచించుకోదు. మేకు పీకేసి, 10 మి.మీ. రంధ్రంలో 8 మి.మీ. బోల్టు, వాషర్ పెట్టి బిగించండి. చీలికలో ఇప్పుడే బంక నింపొద్దు, ఇంకా విచ్చుకుంటుంది. ఈసారి కోసిన కొనలకు వెంటనే మైనం పూసి నీడలో ఆరబెట్టండి. వారం వారం తూచి, నాలుగు వారాలు వరసగా బరువు తగ్గకపోతేనే ఉలి పట్టండి.

ఇక మరక. తోళ్లు పదును చేయడానికి తుమ్మ బెరడు వాడేది దాని వగరు కోసమే. ఆ వగరు తడిలో ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. కర్రు తుప్పు గీకి వార్నిష్ వేసి, కర్రకు తగిలే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. పడిన మరకను తీయకండి. ముక్కు మొదట్లో ఆ నలుపు కొంగకు అందమే.

ప్రశ్న: పాత బోరు జీఐ పైపు ముక్కలను బొమ్మకు వెల్డింగ్ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: పైపులను ఉన్నవి ఉన్నట్టుగా వెల్డింగ్ చేయొద్దు. పైనున్న జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకుకు రెండు వైపులా రెండేసి అంగుళాలు పూతను గ్రైండర్‌తో తీసేసి, మాస్కు కట్టుకుని, ఆరుబయట చేయండి. బోల్టులతో కుదిరితే అదే మేలు.