విరేచనాలు అవుతుంటే హెచ్‌ఐవీ మందు ఒంటికి పడుతుందా?

పర్లాకిమిడిలో ఉండే మీ బాబాయిగారు రోజూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే చికిత్స) మాత్ర వేసుకుంటున్నారు, నెలగా విరేచనాలు అవుతున్నాయి, గ్యాస్‌కి జెలుసిల్ సిరప్ తాగుతున్నారు, మందు ఒంటికి పడుతుందా అని అడిగారు. నాకైతే విరేచనాల కంటే ముందు ఆ సీసా మీదే అనుమానం.

ఇప్పుడు మన దేశంలో ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన) మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. జెలుసిల్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం కడుపులోనే దాన్ని పట్టేసుకుంటాయి. మందు రక్తంలోకి సరిగా చేరదు. అందుకే మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత సిరప్ తాగాలి. ముందే తాగేస్తే 6 గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. (గ్యాస్ అనగానే సీసా ఎత్తేసే అలవాటు మనవాళ్లది!) కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్రతో డోలుటెగ్రావిర్‌కి ఈ ఇబ్బంది లేదు. ఐరన్, కాల్షియం మాత్రలైతే భోజనంతో పాటు, టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు.

విరేచనాల వల్ల కూడా మందు పట్టడం తగ్గొచ్చు, ముఖ్యంగా పేగు పొర దెబ్బతింటే. నెల దాటిందంటే మల పరీక్ష తప్పనిసరి. క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి ఉండొచ్చు, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) కూడా చూడాలి. మందు పనిచేస్తోందో లేదో తేల్చేది వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షే. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఆయన ఏఆర్‌టీ సెంటర్‌కో, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో ఈ వారమే తీసుకెళ్లండి, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని.