ఆటలో అమ్మకం తప్పు కాదు, ధరను కనిపించకుండా చేయడం తప్పు

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి బీజీఎంఐ అనే మొబైల్ యుద్ధపు ఆటలో యూసీ (ఆట లోపల వాడే డబ్బు) కొనిపెట్టమని అడుగుతున్నాడని, ఆటను ఉచితంగా ఇచ్చిన కంపెనీ లోపల వస్తువులు అమ్ముకుంటే అందులో అనైతికం ఏముందని మీరు అడిగారు. హైదరాబాదులో మొబైల్ ఆటలు తయారుచేసే ఒక సంస్థలో నేను కొన్నేళ్లు టెస్టర్‌గా పనిచేశాను. కొనుగోలు తెరలను పరీక్షించడమే నా పనిలో ఎక్కువ భాగం కనుక, అక్కడ చూసినదాన్ని బట్టి జవాబిస్తున్నాను.

బొమ్మలు గీసేవారికీ, కోడ్ రాసేవారికీ, సర్వర్లు చూసుకునేవారికీ జీతాలు రావాలి కాబట్టి అమ్మకం దానంతట అది తప్పు కాదు. ఒక స్కిన్ (ఆటలోని మనిషికో తుపాకీకో వేసే కొత్త వేషం) ఖరీదు ఇంత అని రూపాయల్లో రాసి, అది కొన్నవాడికి కొననివాడిపై అదనపు బలం రాకుండా చూసి అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. తాను ఎంత చెల్లిస్తున్నాడో, బదులుగా ఏం వస్తుందో కొనేవాడికి తెలియకుండా చేసే ఏర్పాట్లనే నేను అన్యాయం అంటున్నాను.

చాలా ఆటలు రూపాయలను నేరుగా తీసుకోవు. ముందు యూసీనో డైమండ్లో కొనాలి, వాటితో క్రేట్ (లోపల ఏముందో ముందు తెలియని పెట్టె) తెరవాలి, అందులో వచ్చిన ముక్కలను కూడబెట్టి కోరుకున్న వస్తువు తీసుకోవాలి. ఇన్ని మారకాలు దాటాక ఆ వస్తువుకు ఎంత ఖర్చయిందో లెక్క కట్టడం పెద్దవాళ్లకే కష్టం. దానికితోడు, వస్తువు ధరకు ప్యాక్ సరిగ్గా సరిపోదు. కొంత మిగులుతుంది, ఆ మిగులు వృథా కాకూడదని ఇంకో ప్యాక్ కొంటారు. నేను పరీక్షించిన ఒక ఆటలో ప్యాకుల పరిమాణాలు నిర్ణయించే పట్టికలో ఈ మిగులు కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉండేది. అదే ఆటలో ఒక దశ దగ్గర వరుసగా ఓడిపోయినవారికి, కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుందంటూ గడియారం తిరిగే ఆఫర్ కనిపించేది; గడువు ముగిశాక మర్నాడు అదే ఆఫర్ అదే ధరకు మళ్లీ వచ్చేది. నేను దాన్ని లోపంగా నమోదు చేస్తే, అది లోపం కాదని, అలాగే ఉండాలని జవాబు వచ్చింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది క్రేట్లలోని అదృష్టపు లెక్క. ఒక వస్తువు దొరికే అవకాశం 1 శాతం అని రాసి ఉంటే, 100 సార్లు తెరిస్తే అది తప్పక దొరుకుతుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి 100 సార్లు తెరిచినా దొరకనివారు దాదాపు 37 శాతం మంది ఉంటారు, 200 సార్లు తెరిచినా 13 శాతం మందికి పైగా ఖాళీ చేతులతోనే మిగులుతారు. బడ్డీకొట్లో అట్టకు అంటించిన లాటరీ చీటీలు చింపుకున్న కాలంలో ఒక్కో చీటీ తగ్గేకొద్దీ బహుమతి దగ్గరపడేది, ఎన్ని మిగిలాయో కంటికి కనిపించేది. క్రేట్‌లో చీటీలు తరగవు. కొన్ని ఆటలు ఇన్నిసార్ల తర్వాత వస్తువు ఖాయమని హామీ ఇస్తాయి, అది కొంత మేలే. అయితే అక్కడిదాకా చేరడానికి అయ్యే మొత్తాన్ని రూపాయల్లో రాసిన తెర నాకు ఎక్కడా కనబడలేదు.

ఉచిత ఆటల్లో ఎక్కువమంది ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయరు, ఆదాయంలో పెద్ద భాగం కొద్దిమంది నుంచే వస్తుంది. వారిలో కలిగినవారూ ఉంటారు, ఆపుకోలేనివారూ ఉంటారు. వీరెవరో వారెవరో తేల్చుకోవాలన్న ప్రయత్నం నేను చూసిన ఏ తెరలోనూ లేదు. పిల్లలు ఆ రెండో గుంపులోకి జారడం మరీ తేలిక.

ఇది నా ఒక్కడి బాధ కాదు. ఒక గుంపు వస్తువులన్నీ కూడబెడితేనే అసలు బహుమతి ఇచ్చే గాచా (లాటరీలా వస్తువులు ఇచ్చే) పద్ధతిని జపాన్ 2012లోనే అడ్డుకుంది. డబ్బుతో కొనే లూట్ బాక్సులు (క్రేట్ల లాంటివే) జూదమేనని బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో తేల్చింది. తికమకపెట్టే బటన్లతో అనుకోని కొనుగోళ్లు చేయించినందుకు 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఫోర్ట్‌నైట్ ఆట తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకుంది. 2025 జనవరిలో గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఆట కేసులో అదే కమిషన్ కుదుర్చుకున్న ఒప్పందం, 16 ఏళ్లలోపువారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లూట్ బాక్సులు అమ్మరాదని చెప్పడంతోపాటు, వాటిని నేరుగా అసలు డబ్బుతో కొనే వీలు కూడా ఉండాలని చెప్పింది. ఆ రెండో షరతు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే అది సమస్య మూలాన్నే తాకింది.

మన దేశంలో 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దృష్టి ప్రధానంగా డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలపైనే ఉంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత డిజైన్లను పేర్కొన్నాయి; లేని తొందరను సృష్టించడం అందులో ఒకటి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు, కాని ఖాతా తల్లిదండ్రుల పేరిట ఉన్నప్పుడు ఆ వాదన నిలబెట్టడం అంత సులువు కాదు. మన ఇళ్లలో చాలాచోట్ల కరెంటు బిల్లు కట్టేదీ, రీఛార్జి చేసేదీ పిల్లలే కాబట్టి యూపీఐ పిన్ వారికి తెలిసే ఉంటుంది. పిన్ అడుగుతుంది కదా అన్న ధైర్యం అందుకే చాలదు.

ఇక మీ అబ్బాయి సంగతి. నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకుని, ఏమేం వస్తాయో ముందే చూపించే పాస్‌లాంటిది కొనిపెట్టడంలో తప్పు లేదు; క్రేట్లు, స్పిన్‌లు (చక్రం తిప్పి అదృష్టం చూసుకునేవి) మాత్రం వద్దని చెప్పండి, పైన చెప్పిన 1 శాతం లెక్కను కాగితం మీద వాడితోనే వేయించండి. ఫోనులో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగు మార్చి, యూపీఐ పిన్ కూడా మార్చుకోండి. ఇప్పటికే మీకు తెలియకుండా డబ్బు పోయి ఉంటే, కొన్న 48 గంటల్లోగా గూగుల్ ప్లేలో వాపసు అడగండి. వారు కాదంటే, రసీదులు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.