ఇది నచ్చినవారికి అది చెప్పేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కొరియా, చైనా, జపాన్ ధారావాహికల సరసన జపాన్ సూపర్‌హీరో సిరీస్‌లను కూడా నిలబెట్టి, ‘ఇది నచ్చినవారు అది కూడా చూడండి’ అని తెలుగు పాఠకుడికి చెప్పాలన్న నీ పూనిక నాకెంతో నచ్చింది. మన దగ్గర కొరియన్ డ్రామాల మీద రాసేవారికి కొదవ లేదు. ముసుగు వీరుడి కథలైన కామెన్ రైడర్‌ను, రంగురంగుల దుస్తుల వీరుల బృందాల కథలైన సూపర్ సెంటాయ్‌ని పెద్దవాళ్లు కూర్చుని చూడదగిన కథలుగా ఎంచి రాసేవారు మాత్రం అరుదు. అందుకే వ్యాసం అచ్చుకు వెళ్లేలోపు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

కొరియన్ డ్రామా ‘సిగ్నల్’ నచ్చినవారి కోసం నువ్వు వరుసగా ఇచ్చిన పేర్లన్నీ నేరపరిశోధన కథలే. హంతకుడు, పోలీసు, పాత కేసు ఉన్నాయి కాబట్టి అవన్నీ ఒకే కోవకు చెందుతాయన్నది నీ లెక్క. గోత్రం, నక్షత్రం కలిశాయని చెప్పి పిల్లవాడి గుణం సంగతి ఎత్తని పెళ్లిళ్ల పేరయ్య మాట ఎంతవరకు నమ్మవచ్చో, కథాజాతిని మాత్రమే చూసి చేసే సిఫారసునూ అంతవరకే నమ్మవచ్చు. 2016లో కిమ్ యున్‌హీ రాసిన ఆ పదహారు ఎపిసోడ్ల కథలో ప్రేక్షకుణ్ని పట్టుకున్నది పరిశోధన ఒక్కటే కాదు. తాను ఇష్టపడిన అమ్మాయి హత్యకు గురైన తరువాత, ఆమె కొన్న టికెట్టుతో పోలీసు లీ జేహాన్ ఒంటరిగా సినిమాకు వెళతాడు. హాలంతా నవ్వుతుంటే అతనొక్కడు వెక్కివెక్కి ఏడుస్తాడు. పోయినవారి వెనుక మిగిలిన మనుషుల దుఃఖాన్ని ఒక పోలీసు తన దుఃఖంగా మోయడమే ఆ కథకు ప్రాణం. నీ పాఠకుడికి నచ్చింది ఇదే అయితే, అతనికి దగ్గరయ్యే తరువాతి కథ మరో హంతకుడి వేట కాకపోవచ్చు.

నేనైతే అతనికి 2000 సంవత్సరంలో వచ్చిన ‘కామెన్ రైడర్ కూగా’ను చూపిస్తాను. వినగానే పొంతన లేని మాటలా ఉంటుంది గాని, ఆ సిరీస్ మొదటి రెండు ఎపిసోడ్లు చూడు. పురాతన శిథిలాలను తవ్విన ప్రొఫెసర్ రాక్షసుల చేతిలో చనిపోతాడు. అతని కూతురు ఏడుస్తుంటే కథానాయకుడు గొదాయి యూసుకె చూస్తాడు. మంటల్లో కాలుతున్న చర్చిలో, ఇలాంటివాళ్ల వల్ల ఇంకెవరి కన్నీళ్లూ చూడలేనని, అందరి ముఖాల్లో నవ్వు ఉండాలని ఇన్‌స్పెక్టర్ ఇచిజోతో అంటూ యుద్ధానికి సిద్ధపడతాడు. ప్రతి సంఘటన సమయమూ స్థలమూ తెర మీద అక్షరాలుగా పడతాయి. పోలీసు శాఖ సమావేశాలు, ఆయుధాల పరీక్షలు, అధికారుల అలసట అన్నీ కథలో భాగాలే. రాక్షసులు తమలో తాము మాట్లాడుకునే భాషకు ఉపశీర్షికలు ఉండవు. అందువల్ల వాళ్లు నియమాలు పెట్టుకుని ఆడుతున్న హత్యల ఆటను, పోలీసులతో పాటు మనమూ కొంచెం కొంచెంగా కనిపెట్టవలసి వస్తుంది. సిగ్నల్ నుంచి కూగాకు దారి వేసేవి ఆ ఏడ్చే కూతురూ, ఆ అలసిన పోలీసులూ. నీ వ్యాసంలో ఆ దారిని చూపించు. పేరు దానంతటదే నిలబడుతుంది.

అందుకే ఏ సిఫారసు రాయబోయే ముందైనా, ఈ కథలో ఏ సన్నివేశం మనసులో మిగిలిందని నిన్ను నువ్వు అడుగు. దానికి జవాబు రాకపోతే ఆ పేరు వదిలేయడమే మేలు. 2015 నాటి చైనా ధారావాహిక ‘నిర్వాణ ఇన్ ఫైర్’ నచ్చినవారికి నువ్వు మరికొన్ని రాజమందిర కుట్రల కథలు చెప్పావు. తన అసలు పేరు దాచుకుని, తనను గుర్తుపట్టని ప్రాణమిత్రుణ్ని సింహాసనం వైపు నడిపించే మెయ్ చాంగ్‌సు వేదన కోసం ఆ యాభై నాలుగు ఎపిసోడ్లు చూసినవారికి, 2009లో కొబయాషి యసుకో ప్రధాన రచయిత్రిగా వచ్చిన ‘సమురాయ్ సెంటాయ్ షింకెంజర్’ తప్పక నచ్చుతుందని నా నమ్మకం. నేటి జపాన్‌లో ఒక యువ ప్రభువు పిలుపు అందుకుని, జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి నటుడొకడు రంగస్థలాన్ని వదిలి పరుగెత్తుకొస్తాడు. ఆ ప్రభువు తన సేవకులకు చెప్పలేని మాట ఒకటి గుండెలో పెట్టుకుని ఉంటాడు. ఆ మాటేమిటో మాత్రం నువ్వు రాయవద్దు. మరో సెంటాయ్ సిరీస్ ‘జెట్‌మాన్’ చివరి ఎపిసోడ్ గురించి కూడా ఒక్క ముక్క బయట పెట్టకు.

నటుల పేర్లతో వేసే దారి త్వరగా మూసుకుపోతుంది. జపాన్ నటుడు సాటో తకెరు 2007లో ‘కామెన్ రైడర్ దెన్‌ఓ’లో నటించాడని చెబితే అభిమానికి సరదాగానే ఉంటుంది గాని, అతని తరువాతి ప్రేమకథలు నచ్చినవారికి కాలంలో ప్రయాణించే రైలు చుట్టూ తిరిగే ఆ కథ నచ్చితీరాలని లేదు. రచయితల వెంట వెళితే ఎక్కువ దూరం పోవచ్చు. పార్క్ హేయంగ్ రాసిన కొరియన్ డ్రామా ‘మై మిస్టర్’ చూసి కదిలిపోయినవారు ఆమెదే అయిన ‘మై లిబరేషన్ నోట్స్’లో అదే మౌనాన్ని, అదే నిదానాన్ని గుర్తుపడతారు. అపార్థాలతో, చెప్పుకోలేని ప్రేమలతో సాగే కథలంటే ఇష్టమున్నవారికి ఇనోఉఎ తొషికి ప్రధాన రచయితగా 1991లో వచ్చిన ‘జెట్‌మాన్’, ఆయనే రాసిన 2003 నాటి ‘కామెన్ రైడర్ ఫైజ్’ చెప్పవచ్చు. ఇక ‘హనా యోరి దాంగో’ సంగతి వేరు. ఆ ఒకే జపాన్ మాంగా (బొమ్మల కథ) నుంచి తైవాన్ 2001లో, జపాన్ 2005లో, కొరియా 2009లో ధారావాహికలు తీశాయి. తరువాత చైనా, థాయ్‌లాండ్ కూడా తీశాయి. వాటిని ‘పోలిన కథలు’ అని రాశావు. అవి ఒకే కథకు వేర్వేరు రూపాలని సూటిగా చెప్పు, లేకపోతే రెండోది మొదలుపెట్టిన పాఠకుడు మోసపోయానని అనుకుంటాడు.

‘పిల్లల కోసం తీసినదే అయినా’ అన్న మాట నీ వ్యాసంలో పలుచోట్ల కనిపించింది. దాన్ని కొట్టేయమని గట్టిగా చెబుతున్నాను. 1971లో ఇషినొమోరి షోతారో సృష్టించిన తొలి కామెన్ రైడర్, శత్రుసంస్థ ఎత్తుకుపోయి శరీరాన్ని మార్చేసిన మనిషి. అతను పోరాడే రాక్షసులూ, అతనూ ఒకే బల్ల మీద తయారైనవారు. ఇంత దిగులు ఉన్న ఊహను పట్టుకుని ఐదు దశాబ్దాలకు పైగా సాగుతున్న కథాపరంపరకు మన క్షమాపణ అక్కరలేదు.

అయితే ఇబ్బందులు కూడా దాచకూడదు. పదహారు ఎపిసోడ్లకు అలవాటు పడిన కొరియన్ డ్రామా ప్రేక్షకుడికి కూగా, షింకెంజర్ ఒక్కొక్కటి నలభై తొమ్మిది ఎపిసోడ్లని ముందే చెప్పాలి. దాదాపు ప్రతివారం ఒక పోరాటం ఉంటుందని, బొమ్మల అమ్మకం కోసం కొత్త ఆయుధాలూ కొత్త రూపాలూ కథలోకి వస్తూనే ఉంటాయని, 2000 నాటి గ్రాఫిక్స్ ఇప్పటి కంటికి పాతగా తోస్తాయని కూడా చెప్పు. చాలా రైడర్ సిరీస్‌లలో రెండేసి ఎపిసోడ్లు కలిసి ఒక కథ అవుతాయి కాబట్టి, మొదటిదొక్కటే చూసి ఆపవద్దని, రెండూ కలిపి చూసి నిర్ణయించుకోమని రాస్తే కొత్తవారికి నిజమైన సాయం చేసినవాడివవుతావు. మన ఊళ్లలో పవర్ రేంజర్స్ చూసి పెరిగినవారు చాలామంది ఉన్నారు. వారు చూసిన ‘పవర్ రేంజర్స్ ఎస్.పి.డి.’ పోరాటాల్లో చాలా భాగం 2004 నాటి సెంటాయ్ సిరీస్ ‘డెకారేంజర్’ నుంచి తీసుకున్నవేనని ఒక వాక్యం చేర్చితే, ఆ పాఠకులు తమంతట తామే దగ్గరకు వస్తారు.

ఇప్పుడు నీ జాబితాలో నాలుగైదు పేర్లే ఉంచి, ఒక్కొక్కదానికి ఒక సన్నివేశం, ఆ కథ ఎవరికి నచ్చదో చెప్పే ఒక వాక్యం రాసి మళ్లీ పంపు. సిగ్నల్, కూగాల భాగంతోనే మొదలుపెట్టు. మిగిలినవి ఆ తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య