గుర్రాల పనిలో జీతమెంత, తిరుగుడెంత?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ పక్కన పల్లె. డిగ్రీ మధ్యలో ఆపేశాను. పెళ్లి బరాత్‌లకు గుర్రం తోలే మామ వెంట రెండేళ్లుగా తిరుగుతున్నా. ఇప్పుడు ట్రైనర్ కావాలనుంది. జీతం ఎంతొస్తుంది? ఊళ్లు పట్టుకుని తిరగాలా? ఇంట్లో "ఇదేం పనిరా" అంటున్నారు.

జవాబు: తమ్మీ, ట్రైనర్ అనిపించుకునే ముందు కొన్నేళ్లు సైస్ పని, అంటే గుర్రాల్ని చూసుకునే పని, తప్పదు. లద్దె ఎత్తాలి, మాలీష్ చేయాలి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు గీకాలి, తెల్లారకముందే దాణా పెట్టాలి. నేనూ అక్కడి నుంచే వచ్చా. మొదటి జీతం ఆరు వేలు, గుర్రాల పక్కనే రేకుల గది. ఒక రాత్రి ఓ గుర్రం నేలను కాలితో గీకుతూ మాటిమాటికీ తన పొట్ట వైపు చూసుకుంటుంటే ఆడుకుంటోంది అనుకున్నా, పెద్ద సైస్ వచ్చి ఒక్కటిచ్చాడు. అది కడుపునొప్పి. గుర్రాలకు వాంతి రానే రాదు, కాబట్టి తెల్లారాక చూద్దాంలే అంటే కుదరదు, అప్పుడే డాక్టర్‌ను లేపాలి.

ఇక జీతం. రేసుల దారి అయితే మలక్‌పేట, మీ నల్గొండ వైపు బస్సులు ఆ దారినే పోతాయి. అక్కడ 1886 నుంచి రేసులున్నాయి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం అది, మన మహబూబ్‌నగర్‌కు పేరు కూడా ఆయనదే. రేసు ట్రైనర్‌కు నెల జీతం ఉండదు. ఒక్కో గుర్రానికి యజమాని నెలకింతని ఇస్తాడు, అందులోంచే దాణా, సైస్‌ల జీతాలు, నాడాలు అన్నీ పోగా మిగిలింది నీది, గుర్రం గెలిస్తే ప్రైజ్ మనీలో వాటా. ముప్పై గుర్రాలుంటే దర్జాగా బతకొచ్చు, నాలుగే ఉంటే దాణా కొట్టువాడికి మొహం చాటేయాలి. పైగా రేస్ క్లబ్ లైసెన్స్ కావాలి, దానికి ముందు ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా ఉండాలి.

మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌసుల్లో, రైడింగ్ స్కూళ్లలో అయితే నెల జీతమే. పిల్లలకు స్వారీ నేర్పినందుకు వచ్చే ఫీజులో నీకేమైనా ఇస్తారా లేదా అని చేరే రోజే అడుగు. మీ మామ లైన్ నీకు తెలిసిందే, మూఢం వస్తే గుర్రానికి పనుండదు, ఆకలి మాత్రం ఉంటుంది.

తిరుగుడు అంటావా, రేసుల్లో ఉంటే తప్పదు. హైదరాబాద్‌లో వానాకాలం ఒక సీజన్, చలికాలం ఒకటి, మధ్యలో బెంగళూరు, మైసూరు, పుణె, ముంబయి. లారీలో గుర్రాన్ని తల పైకి కట్టేసి గంటల తరబడి తోలితే ముక్కులో, గొంతులో చేరిన దుమ్ము బయటికి రాదు, ఊపిరితిత్తులకు జ్వరం పట్టుకుంటుంది. అందుకే మూడు నాలుగు గంటలకోసారి ఆపి తల కిందికి వదలాలి. కొత్త ఊరి నీళ్లు కొన్ని గుర్రాలు మూతి కూడా పెట్టవు, నేనైతే బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచే నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తా, అక్కడికెళ్లాక కూడా అదే బెల్లం. గ్లాండర్స్ లేదని రక్త పరీక్ష కాగితం జేబులో ఉండాలి, అది మనుషులకూ అంటుకునే రోగం.

బత్తా మాత్రం లారీ ఎక్కకముందే తేల్చుకో. ఒకాయన గుర్రాలతో బెంగళూరులో పదకొండు రోజులున్నా, తిండి ఖర్చంతా నా జేబులోంచే. తిరిగొచ్చి అడిగితే "ఊరు చూసొచ్చావు కదా" అన్నాడు.

ఇంట్లోవాళ్లను ఒకసారి తెల్లారి ఐదింటికి ట్రాక్ దగ్గరికి తీసుకుపో. నచ్చితే సరే, లేకపోతే నీ తిప్పలు నువ్వు పడు.

ప్రశ్న: నా బరువు 76 కిలోలు. ట్రైనర్‌గా పనికొస్తానా? (జడ్చర్ల నుంచి)

జవాబు: జాకీగా అయితే కష్టం, వాళ్లు సుమారు 50, 55 కిలోల మనుషులు. ట్రైనర్‌కు బరువుతో పని లేదు. కాకపోతే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని లెక్క. మన బరాత్ గుర్రం ఏ 350 కిలోలో ఉంటే జీనుతో కలిపి 70 లోపే. బరువు తగ్గేదాకా కింద నిలబడి పొడవు తాడుతో తిప్పు, ఎలాగూ సగం ట్రైనింగ్ అక్కడే అవుతుంది.