ఫోన్ సంగతి తర్వాత, ముందు ఇంట్లో ఏడవనివ్వండి

అమ్మా, పంతొమ్మిదేళ్ల మీ అమ్మాయి ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటోందని అనుమానమొచ్చి చూస్తే చేతి మీద తనకు తానే చేసుకున్న గాయాలు కనిపించాయని రాశారు. "మేం ఎన్ని పడలేదు, ఈ కాలం పిల్లలకి ఓర్పే లేదు, ఫోన్ లాగేసుకుంటే దారికొస్తుందా" అని అడిగారు. రాదు. ఆ సంగతి వదిలేయండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది వేరే మాట. మీ ఆయన కోప్పడినప్పుడు బాత్రూంలోకెళ్లి ట్యాప్ తిప్పుకుని ఏడుస్తానని, పిల్లలకి ఏనాడూ తెలీనివ్వలేదని ఏదో ఘనకార్యంలా రాశారు. తెలీలేదని ఎలా అనుకున్నారండీ? ఇప్పుడు మీ అమ్మాయి కూడా అదే బాత్రూంలో, అదే ట్యాప్ తిప్పుకుని ఈ పని చేస్తోందని నాలుగు లైన్ల కింద మీరే రాశారు కదా.

బాధని కనపడకుండా తొక్కిపెట్టడమే పెద్దరికం అని ఆ పిల్ల మిమ్మల్ని చూసే నేర్చుకుంది. తొక్కిపెట్టే కొద్దీ బాధంటేనే భయమేసి, ఇది నావల్ల కాదు, ఇక్కడే ఇప్పుడే ఆగిపోవాలి అనిపిస్తుంది, అలా అనిపించేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. గాయం చేసుకున్నాక కాసేపు తేలికపడుతుంది, ఆ తేలికే అసలు చిక్కు, మళ్లీ బాధొస్తే మనసు మళ్లీ అటే లాగుతుంది. చావాలని చేసుకోకపోయినా ముందు ముందు ప్రాణం మీదకి వచ్చే ముప్పు పెరుగుతుంది, అందుకే "అందరూ చూడాలని చేస్తోంది" అన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.

తట్టుకోవడం నేర్పితే వస్తుంది. అమెరికాలో మార్షా లైనహాన్ అనే సైకాలజిస్ట్ ఇలాంటివాళ్ల కోసమే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్స తయారుచేసి 1993లో పుస్తకంగా తెచ్చారు, చిన్న వయసులో తానూ ఇలా చేసుకున్నదాన్నేనని 2011లో ఆవిడే బయటికి చెప్పారు. అందులో చెప్పేవి చూడ్డానికి మామూలుగానే ఉంటాయి, గాయం చేసుకోవాలనిపించే ఆ ఉధృతి మనం ఏం చెయ్యకపోయినా కాసేపటికి దానంతటదే దిగుతుంది కాబట్టి అప్పటిదాకా మొహం మీద చల్లటి నీళ్లు పెట్టుకోవడం, ఆ గదిలోంచి బయటికొచ్చి ఎవరి పక్కనైనా కూర్చోవడం, అలాంటివి. కానీ పక్కన కూర్చోడానికి మీ ఇంట్లో ఎవరున్నారు?

మీ ఆయనకి తెలీకుండా నెట్టుకొద్దామనుకుంటున్నారు, నేను ఒప్పుకోను. మొగుడి మర్యాద కాపాడాలి, కాదనను, దానికోసం కూతుర్ని పణం పెట్టమని ఏ పెద్దలూ చెప్పలేదు. చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం మీరు ఒంటరిగా చెప్పకండి, డాక్టర్ చేత చెప్పించండి. సైకియాట్రిస్ట్ దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి, గాయాలు చూపించమని పిల్లని బలవంతపెట్టకండి, ఇంట్లో ప్రమాదమనిపించేవి చేతికందకుండా తీసేయండి.

ఈ రాత్రే పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే పిల్లని ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు హాస్పిటల్‌కి బయల్దేరండి, మీ ఆయన వచ్చేదాకా ఆగక్కర్లేదు.