కరెంటు పోయొచ్చాక నాస్ కనపడకపోతే ముందు ఐపీ చూడండి

అమలాపురంలో కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ నాస్ (ఇంట్లో అందరూ నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచుకునే డిస్కుల పెట్టె) పీసీలో మాయమైపోతోంది, కాపీ స్పీడు సెకనుకి 11 ఎంబీ దాటట్లేదు అన్నారు కదండీ, డిస్కులు పోయాయని కంగారు పడకండి, లైట్లు మామూలుగా వెలుగుతున్నాయంటున్నారు కాబట్టి రౌటర్ రీస్టార్టయ్యి నాస్‌కి కొత్త ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబరు, ఇచ్చేసుంటది, మీ పీసీయేమో ఇంకా పాతదాన్నే వెతుకుతోంది. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచిపెట్టేది) కింద అడ్రస్ రిజర్వేషన్ ఉంటది, నాస్ మ్యాక్ అడ్రస్ (ఆ పెట్టెకి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు) కొట్టి 192.168.1.50 లాంటిదొకటి ఫిక్స్ చేసెయ్యండి, తర్వాత విండోస్‌లో ఆ ఐపీతోనే డ్రైవ్ మ్యాప్ చేసుకోండి, అంటే నాస్ ఫోల్డరు పీసీలో ఒక డ్రైవ్‌లా కనపడేలా పెట్టుకోండి.

స్పీడు సంగతి మాత్రం కేబులే అనిపిస్తోంది. 11 అంటే లింకు 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయిందని, గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్ కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి, ఒక్కటి తెగినా ఆ స్పీడు రాదు. మన గోదావరి తీరం తేమకి, ఉప్పుగాలికి పిన్నులు చిలుం పట్టేస్తాయి, మా నరసాపురంలో నాకూ ఇదే అయ్యింది, రెండు చివర్లా కొత్త కనెక్టర్లు కొట్టిస్తే 110 ఎంబీ వచ్చింది.

చిన్న యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె) మాత్రం తప్పకుండా పెట్టండి, రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవుతాయి. ఇంకోటి, రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ రాసే పద్ధతి) ఉంది కదా అని ధీమాగా ఉండకండి, పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ పోతుంది, పిల్లల ఫోటోలు వేరే యూఎస్‌బీ డిస్కులో కూడా దాచండి.