కాన్పు గదిలో ఆక్సిటోసినా, కార్బెటోసినా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది ఏజెన్సీలో చిన్న పీహెచ్‌సీ. ఎండాకాలంలో కరెంటు పోతే గంటల తరబడి రాదు. కాన్పయ్యాక వేసే ఆక్సిటోసిన్ పనిచేస్తోందో లేదోనని భయంగా ఉంటోంది. ఫ్రిజ్ అక్కర్లేని కార్బెటోసిన్ ఉందంటున్నారు. ఇక అన్నిటికీ అదే వాడుకోవచ్చా?
- స్టాఫ్ నర్సు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: అన్నిటికీ వద్దమ్మా. బిడ్డ బయటికొచ్చాక రక్తస్రావం కాకుండా ముందుజాగ్రత్తగా ఒక్కసారి వేయడానికే కార్బెటోసిన్. రెండూ గర్భసంచిని బిగించి రక్తస్రావం కాకుండా చూసే మందులే, ఆ పనిలో సమఉజ్జీలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 10 దేశాల్లో దాదాపు 30 వేల మందికి వీటిలో ఏదో ఒకటి ఇచ్చి చూసి, 2018లో ఫలితాలు వెల్లడించింది. అరలీటరు రక్తం పోవడమో, మరో మందు అవసరం కావడమో కార్బెటోసిన్ వేసినవారిలో 14.5 శాతం మందికి, ఆక్సిటోసిన్ వేసినవారిలో 14.4 శాతం మందికి జరిగింది. కాబట్టి ‘కొత్తది, పవర్ ఎక్కువ’ అనే మాట నమ్మకండి. దాని బలమంతా వేడిని తట్టుకోవడంలోనే ఉంది.

మీ భయంలో అర్థముంది. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చెడిపోయినా రంగు మారదు, అడుగున తేరదు. ఆంప్యూల్‌లో, అంటే చిన్న గాజు బుడ్డిలో, మందు నీళ్లలా తేటగానే కనిపిస్తుంది. సూది వేస్తారు, గర్భసంచి గట్టిపడదు, అదే పెట్టెలోంచి ఇంకోటి వేస్తారు. అక్కడే విలువైన నిమిషాలు పోతాయి. ఆంప్యూళ్లను ఫ్రిజ్ తలుపు అరలో కాక మధ్య అరలో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఉదయమే సిరంజిలోకి లాగి ట్రేలో సిద్ధంగా పెట్టే అలవాటుంటే మానేయండి.

కార్బెటోసిన్ కొనేటప్పుడు పెట్టె మీద రాసింది చదవాలి. వేడిని తట్టుకునే రకం మీద 30 డిగ్రీల లోపు అని ఉంటుంది. పాత రకమైతే అదీ ఫ్రిజ్ మందే. పేరు ఒకటే కదా అని అలమారలో పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

మోతాదులు: ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు. మన దగ్గర 5 యూనిట్ల ఆంప్యూళ్లు ఎక్కువ, అంటే రెండు కొట్టాలి. ఒకటే వేసి ఊరుకోవడం తరచూ జరిగే పొరపాటు. కార్బెటోసిన్ 100 మైక్రోగ్రాములు, కండకు గానీ, నరానికైతే నిమిషం పాటు మెల్లగా గానీ; రెండోసారి వేయకూడదు. ఏది వేసినా బిడ్డ పుట్టిన నిమిషం లోపే, కడుపులో మరో బిడ్డ లేదని పొట్ట తడిమి చూసుకున్నాకే.

నొప్పులు రావడానికి, పెంచడానికి కార్బెటోసిన్‌ను ముట్టుకోవద్దు. ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తుండగా బిడ్డ గుండె నెమ్మదిస్తే డ్రిప్ కట్టేస్తాం; రక్తంలో అది కొద్ది నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది, బిగుసుకున్న గర్భసంచి వదులవుతుంది. కార్బెటోసిన్ సగం కావడానికే 40 నిమిషాలు. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం. ఆ బిగింపులో బిడ్డకు ఊపిరాడదు, గర్భసంచి చిట్లవచ్చు. లివరు, కిడ్నీ జబ్బులు, మూర్ఛ, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారికి కూడా అది తగదు.

రక్తస్రావం మొదలయ్యాక చికిత్సకు మళ్లీ ఆక్సిటోసినే దిక్కు. దాంతోపాటు మూడు గంటల లోపు, గడ్డకట్టిన రక్తాన్ని కరగనివ్వని ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము నరానికి, మెల్లగా 10 నిమిషాల్లో. అందుకే కార్బెటోసిన్ వచ్చినా ఫ్రిజ్‌ను, ఐస్ ప్యాకుల పెట్టెను వదిలేయకండి.

ప్రశ్న: గేదె పాలు చేపడానికి వేసే ఇంజెక్షన్ కూడా ఇదేనా? ఆ పాలు తాగితే ఆడపిల్లలకు ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: హార్మోన్ అదే, ఆక్సిటోసినే. తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు కాబట్టి నోట్లోంచి కడుపులోకి వెళితే జీర్ణరసాలు ముక్కలు చేసేస్తాయి. మనుషులకు దాన్ని సూదిగా ఇవ్వడానికి కారణమూ అదే. హింస పడేది గేదె. పశువైద్యుడి చీటీ లేకుండా వాడటం తప్పు.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. లేబులు లేని ఆ సీసాల్లో ఎన్ని యూనిట్లున్నాయో ఎవరికీ తెలియదు. ‘నొప్పులు త్వరగా వస్తాయి’ అని ఇంటి దగ్గర గర్భిణికి ఎవరైనా అలాంటి సూది వేయబోతే ఆపండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.